రెండు గ్లాసుల సాక

దయ్యాల విషయంలో నా అభిప్రాయం ఎప్పుడూ ఒకటే. మాదాపూర్‌లో కిరాయి కట్టుకుని ఉండే స్తోమత ఏ దయ్యానికీ లేదు. ఒకవేళ ఉన్నా, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ రోడ్డు మీద ఒక్కసారి నిలబడి చూస్తే, వీళ్ళను పీడించడానికి మళ్ళీ నేనెందుకు అని దండం పెట్టి వెళ్ళిపోతుంది. ఈ నమ్మకంతోనే యాభై దాటాను. ఇప్పటికీ దయ్యాలున్నాయని చెప్పను. కానీ ఒక మనిషి రెండు ఊళ్ళలో రెండు హోటళ్ళకు వచ్చి వెళ్ళాడు. ఆయన ఎవరో నాకు ఈనాటికీ తెలియదు.

ఇంకో సంగతి ముందే చెప్పుకోవాలి. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. బాల్కనీలో పావురం వాలితే గద్ద అంటాను. గద్ద వాలితే విమానం దిగిందంటాను. మా ఆవిడ శారద నేను చెప్పేదాన్నంతా నాలుగుతో భాగించి, మిగిలింది వింటుంది. మా బంధువుల్లోనూ అదే లెక్క చలామణీలో ఉంది. కాబట్టి ఇందులో వచ్చే దోసెలనూ మొక్కలనూ మీ ఇష్టం వచ్చినంత భాగించుకోండి. మనుషులు అన్న మాటల్ని మాత్రం భాగించకండి. అవి విన్నవి విన్నట్టే పెట్టాను.

యాదగిరి నా స్నేహితుడు. నేను తెనాలి నుంచి ఉద్యోగానికని వచ్చినప్పుడు, మాదాపూర్‌లో వాళ్ళ మేడమీది గదిలో కిరాయికి దిగాను. అప్పట్లో కిటికీ తీస్తే బండలు, బండల మీద మేకలు. ఇప్పుడా చోట అద్దాల మేడలు లేచాయి. మేకలన్నిటికీ ఆ మేడల్లోనే ఉద్యోగాలు వచ్చినట్టున్నాయి. మెడలో తాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. అందులో ఒక తాడు నాది. కొత్తగా చేరిన పిల్లలకు పాఠాలు చెప్పే పని నాకు. యాదగిరి ఆ ఇల్లు అమ్మేసి మదీనాగూడలో టైల్స్ దుకాణం పెట్టి, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు.

నా పని మీద నేనూ, సరుకు కోసం వాడూ ఊళ్ళు తిరిగేవాళ్ళం. వీలైనప్పుడల్లా ఇద్దరి ప్రయాణాలూ కలిపి వేసుకునేవాళ్ళం. ఏ ఊరు వెళ్ళినా కొత్త హోటల్లో అడుగు పెట్టేవాళ్ళం కాదు. కొత్త చోట తినడం మా దృష్టిలో రెండో పెళ్ళితో సమానం. బెంగుళూరులో పొద్దున్నే దోసెలు వేసే పాత హోటల్ ఒకటి. ఆ దోసె మా తెనాలి ఇంటి వాకిలంత ఉంటుంది. విశాఖలో చేపల పులుసు పెట్టే పాక ఒకటి. ఇక సొంత ఊళ్ళో, రాయదుర్గం మెట్రోకు కాస్త దూరంలో, బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే బ్రూవరీ ఒకటి. ఎక్కడికి వెళ్ళి వచ్చినా, ఆ వారం మధ్యాహ్నం పూట బ్రూవరీలో మా మూల టేబుల్ దగ్గర కూర్చుని, ఆ ఊరి తిండినీ ఈ ఊరి తిండినీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేవాళ్ళం. తీర్పు ఎప్పుడూ యాదగిరిదే.

వాళ్ళది కల్లుగీత కుటుంబం. కల్లు నోట పెట్టుకునే ముందు నాలుగు చుక్కలు నేల మీద పోసి మైసమ్మను తలుచుకోవడం వాళ్ళ తాతల ఆచారం. దాన్ని సాక పోయడం అంటారు. యాదగిరి బీరుకూ అదే మర్యాద చేసేవాడు. బ్రూవరీలో నేల అద్దంలా ఉంటుంది. అక్కడ పోస్తే తుడిచేవాళ్ళు తిడతారు. అందుకని పక్కనున్న కుండీలో మట్టి మీద పోసేవాడు. ఏళ్ళ తరబడి సాక తాగిన ఆ మొక్క పైకప్పును తాకి, ఇటు వంగి మా టేబుల్‌నంతా కమ్మేసింది. గాలి లేనప్పుడు కూడా కొంచెం తూలుతూ ఉంటుంది.

బీరుతో పాటు వాడికి బబ్బెర్ల గుడాలు కావాలి. అలసందలు ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి పోపు పెట్టినవి. అవి ఆ బ్రూవరీ మెనూలో లేవు. ముందురోజే యాదగిరి ఫోన్ చేసి చెబితే రమేష్ నానబెట్టించి ఉంచేవాడు. రమేష్ అక్కడ మా టేబుల్ చూసే వెయిటర్. వికారాబాద్ దగ్గరి ఊరు. మమ్మల్ని చూడగానే ఏమీ అడగకుండా గోధుమ బీరు రెండు గ్లాసులు పెట్టేవాడు.

మా ఇద్దరి మధ్య ఒక కట్టుబాటుంది. చాలా ఏళ్ళ క్రితం ఆ టేబుల్ దగ్గరే యాదగిరి పెట్టాడు. మన చోట్లలో ఒకడు లేకుండా ఇంకొకడు కూర్చోకూడదు. పార్శిల్ కట్టించుకోవచ్చు. అది ధర్మసమ్మతమే. కూర్చోవడం మాత్రం లేదు.

"ఒకడు సచ్చిపోతేనో?" అని నేను నవ్వులాటకు అడిగాను, వాడి యాసలోనే.

వాడు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి చెప్పాడు. "అప్పుడు మిగిలినోడు ఒక్కసారి అన్ని జాగలకు పోవాలె. ఎదురుంగ రెండోది పెట్టిచ్చుకోవాలె. ఇద్దరి పేరు మీద సాక పోసి రావాలె. అటెంక ఇగ ఆ గడప తొక్కొద్దు."

ఈ షరతు మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. మా ఆడవాళ్ళకు కూడా.

*

నిరుడు ఎండలు ముదిరే ముందు ఒక మధ్యాహ్నం యాదగిరి మెట్రో దిగి బ్రూవరీకి వచ్చాడు. ఎడమ కాలికి చెప్పు లేదు. చెప్పు ఏదని అడిగితే కిందికి చూసుకుని తెల్లబోయాడు. చెప్పు ఎక్కడ జారిందో తెలియదు. జారినట్టే తెలియదు. మేం వెనక్కి వెళ్ళి వెతికితే మెట్రో మెట్ల మీద దొరికింది. కాలే ఎండలో ఆ రోడ్డంతా ఒట్టికాలితో నడిచి వచ్చాడు వాడు. కాలు కాలినట్టు కూడా తెలియలేదు.

స్కాన్ తీస్తే మెడ దగ్గర వెన్నులో గడ్డ అన్నారు. అది నరాన్ని నొక్కుతోంది. ఆపరేషన్ చేసి తీసేస్తే బాగుపడే అవకాశం బాగానే ఉంది, ఆలస్యం చేస్తే ముందు కాళ్ళు పడిపోతాయి, ఆ తర్వాత శ్వాస మీదికి కూడా రావచ్చు అని డాక్టర్ నెమ్మదిగా, స్పష్టంగా చెప్పాడు.

యాదగిరి ససేమిరా అన్నాడు. వాళ్ళ పెద్దన్న చాలా ఏళ్ళ క్రితం వేరే ఆపరేషన్‌కు వెళ్ళి తిరిగి రాలేదు.

"మా పెద్దన్న నవ్వుకుంట నడిచిపోయిండు లోపటికి. బయటికి నలుగురం మోసుకొచ్చినం. కాలు గుంజితే గుంజనీ. నేనైతే ఆ బల్ల మీద పండ."

"అది వేరు, ఇది వేరురా. మంచి అవకాశం ఉందని డాక్టరే అన్నాడుగా."

"ఆయన కూడ నీ లెక్కనే మాట్లాడుతుండు. ఆ మంచి అవకాశాన్ని నాలుగుతోని భాగియ్యి. ఏం మిగులుతదో చూడు."

నా గురించి నేనే పుట్టించుకున్న లెక్క నా నెత్తికే తగిలింది. వాడి భార్య సుజాత నన్ను గేటు దాకా సాగనంపుతూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "అన్నా, మీరు చెప్తెనే ఇంటడు. నేను చెప్తె టీవీ సౌండు పెంచుతుండు. రాత్రి నిద్రల కాలు కదుల్తుందా లేదా అని లేచి లేచి చూస్తున్న."

నేను చెప్పాను. బతిమాలాను, తిట్టాను. తెనాలి వైపు తిట్లు అయిపోతే తెలంగాణ తిట్లు అరువు తెచ్చుకుని తిట్టాను. నా తిట్ల ఉచ్చారణ సరిదిద్దాడే తప్ప మనసు మార్చుకోలేదు.

*

ఆ రోజుల్లోనే పని మీద బెంగుళూరు వెళ్ళాను. పొద్దున్నే మా దోసెల హోటల్‌కు పోయి, లోపల కూర్చోకుండా కౌంటర్ దగ్గర నిలబడి పార్శిల్ చెప్పాను. అక్కడ నాగరాజు అని ఒక పాత సర్వర్ ఉన్నాడు. హిందూపురం మనిషి. మేమిద్దరం ఎప్పుడు వెళ్ళినా గోడవారగా ఉన్న టేబుల్ తుడిచి పెట్టేవాడు.

"ఏం సార్, మీరు నిలబడే పోతాండారు. ఆయప్ప ఐతే మొన్న కూచోని తినిపోయినాడు."

"ఎవరు?"

"మీ దోస్తు సార్. టైల్స్ ఆయప్ప. చేతికర్ర పట్టుకోని వచ్చినాడే. పాపం, శానా చిక్కిపోయినాడు. జబ్బు గాని చేసిందా?"

యాదగిరి ఇల్లు దాటి బయటికి వెళ్ళక నెల దాటింది. వాడికి చేతికర్ర లేదు. వేరే ఎవరినో చూసి ఉంటావన్నాను. నాగరాజుకు కొంచెం రోషం వచ్చింది. మీ టేబుల్ దగ్గరే కూర్చున్నాడని, రెండు కాఫీలు తెప్పించి ఒకటి తాగి, రెండోది ఎదురుగా పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడని, లేవబోయే ముందు చేయి కడిగే చోట రెండు కాఫీల నుంచీ కొంచెం కొంచెం ఒలికించి వెళ్ళాడని చెప్పాడు.

నేను బయటికి వచ్చి యాదగిరికి ఫోన్ చేశాను.

"ఏడున్నవురా?" అన్నాను.

"ఏడుంట? ఇంట్లనే. గోడకు ఒరిగి కూసున్న. దోసెలు తెస్తున్నవా, ఉత్త వాసనే తెస్తున్నవా?"

జరిగింది చెప్పబోయి ఆగిపోయాను. చిక్కిపోయిన మనిషి, చేతికర్ర, ఇవన్నీ ఇప్పుడు వాడికి చెప్పాల్సిన ముచ్చట్లు కావు. నాగరాజు కళ్ళకు అద్దాలు పడే వయసొచ్చిందని తీర్మానించుకుని రైలెక్కాను. ఆ రాత్రి దోసెలు మదీనాగూడ చేరేసరికి తోలుముక్కల్లా ఉన్నాయి. యాదగిరి ఒక్కటీ వదల్లేదు.

ఆ తర్వాత మంగళవారం, సుజాత ఒట్లు పెట్టి వాడిని ఇంకో పెద్ద దవాఖానకు తీసుకెళ్ళింది. ఇంకో డాక్టర్ ఏమంటాడో చూద్దామని. నేనూ వెళ్ళాను. మధ్యాహ్నం వాడిని స్కాన్ గదిలోకి పంపి, వాడి చెప్పులు చేతిలో పట్టుకుని బయట కూర్చున్నాను. ఆ మిషను చప్పుడు మా అపార్ట్‌మెంటులో బోరు వేసిన నాటి చప్పుడులా ఉంది. ఆ డాక్టర్ కూడా అదే మాట అన్నాడు. యాదగిరి కూడా అదే మాట అన్నాడు.

శనివారం వాడికి గుడాలు తినాలనిపించింది. రమేష్‌కు నేనే ఫోన్ చేసి, పార్శిల్ కోసం బ్రూవరీకి వెళ్ళాను.

రమేష్ కుర్చీ జరిపాడు. "కూసోండి సార్, ఐదు నిమిషాలల్ల తెస్త."

"కూర్చోను రమేష్. యాదగిరి లేకుండా నేను కూర్చోనని నీకు తెలుసుగా."

"మరి యాదగిరి సార్ కూసున్నడు కద సార్, మీరు లేకుండ."

బీరు కాచే రాగి పాత్రలు అద్దం వెనక ఎప్పటిలాగే మెరుస్తున్నాయి. పక్క టేబుల్ దగ్గర కుర్రాళ్ళు ఎవరి పుట్టినరోజో జరుపుకుంటున్నారు. రమేష్ జరిపిన కుర్చీని నేను మళ్ళీ టేబుల్ కిందికి తోశాను.

"ఎప్పుడు?"

"మొన్న మంగళారం సార్. పగటి పూట."

నేను చెప్పులు పట్టుకుని కూర్చున్న మంగళవారం అది.

రమేష్ చెప్పింది ఇది. సార్ ఒక్కడే వచ్చాడు. సగానికి చిక్కిపోయాడు. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. చేతిలో నల్ల కర్ర, పైన ఇత్తడి పిడి. ఎడమ కాలు ఈడ్చి నడిచాడు. కుర్చీలో కూర్చోవడానికి వంగినప్పుడు, కాలర్ పైన మెడ వెనక, నిలువుగా కుట్ల గీత కనిపించింది. ఆపరేషన్ అయిపోయిందనుకున్నాడు రమేష్. సంతోషపడ్డాడు కూడా. సార్ రెండు గ్లాసులు పెట్టమన్నాడు. రెండింటి నుంచీ కుండీలో సాక పోశాడు. తన గ్లాసు తాగాడు. రెండోది నిండుగా అలాగే ఉంచాడు.

"నేనడిగిన సార్, ప్రసాద్ సార్ ఏడని. 'ఇయ్యాల నేనొక్కన్నే' అన్నడు. అని నవ్విండు. ఏమన్న లొల్లి పెట్టుకున్నరా సార్ మీరిద్దరు?"

ప్రసాద్ అంటే నేనే.

మేనేజర్‌ను బతిమాలి కెమెరాలో ఆ మధ్యాహ్నం చూపించుకున్నాను. మా టేబుల్ ఉండాల్సిన చోట ఆకులే ఉన్నాయి. మేం పోసి పోసి పెంచిన మొక్క కెమెరాకు అడ్డం నిలబడింది. ఒక చోట మాత్రం ఆకుల సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. గ్లాసు వంచి మట్టి మీద కొంచెం పోసింది. వెనక్కి వెళ్ళి, ఇంకో గ్లాసుతో వచ్చి, మళ్ళీ పోసింది. చొక్కా చేయి పొడుగ్గా ఉంది. ఉంగరం లేదు, వాచీ లేదు. ఎవరి చెయ్యైనా కావచ్చు. మేనేజర్ అదే అన్నాడు. నేనూ అవునన్నాను.

గుడాల పార్శిల్ వేడిగా ఒళ్ళో పెట్టుకుని క్యాబ్‌లో మదీనాగూడ వైపు వెళుతుంటే లెక్క దానంతట అదే తేలింది. ఆ వచ్చినవాడి మెడ మీద కుట్లున్నాయి. అంటే ఆపరేషన్ జరిగింది. యాదగిరి బతికాడు, నడిచాడు, బెంగుళూరు దాకా ప్రయాణం చేశాడు. ఒక్కడే వచ్చాడు. ఎదురుగా రెండోది పెట్టించుకున్నాడు. రెండు గ్లాసుల నుంచీ సాక పోశాడు. అలా పోయాల్సిన సందర్భం మా కట్టుబాటులో ఒకటే ఉంది.

ఇలాంటివి నమ్మే మనిషిని కాను నేను. ఆ క్యాబ్‌లో మాత్రం సీటు బెల్టు పెట్టుకున్నాను.

*

యాదగిరి గోడకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. గిన్నెలో గుడాలు పోసి ఇచ్చాను. వాడు రెండు బుక్కలు తిన్నాక మొదలుపెట్టాను. నాగరాజు చూసింది, రమేష్ చూసింది, చేతికర్ర, పొట్టి జుట్టు, మెడ మీద కుట్లు, కుండీలో సాక, అన్నీ చెప్పాను.

"నీ ముచ్చట్లు తీసుకపోయి శారదమ్మకు చెప్పు. ఆమె దగ్గర భాగహారం ఉంది," అన్నాడు. కానీ తినడం ఆపేశాడు. "మంగళారమా? మంగళారం నేను ఆ గొట్టంల పండుకున్న కద."

"నీ చెప్పులు నా చేతిలో ఉన్నాయి."

"మెడ మీద కుట్లున్నయని రమేషే చెప్పిండా?"

"రమేషే."

వాడి చెయ్యి మెల్లగా మెడ వెనక్కి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. కాసేపు తడుముకుంటూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు. ఆ ప్రశ్న వస్తుందని నాకు దారంతా తెలుసు.

"నేనొక్కన్నే వచ్చిన్నా?"

జీవితమంతా కలపడమే ఎరిగినవాణ్ణి. పావురాలకు రెక్కలు కలిపాను, దోసెలకు వాకిళ్ళు కలిపాను. ఆ రోజు ఆ టేబుల్ దగ్గర ఖాళీగా ఉన్న కుర్చీలో నన్ను నేను కలుపుకున్నాను.

"ఒక్కడివే ఎందుకొస్తావురా? నేనూ ఉన్నాను. నీకంటే ఎక్కువ తాగానట. నువ్వు సాక పోస్తుంటే, మొక్కకు తాగించింది చాలు, నా వంతు తగ్గిపోతోందని గోల పెట్టానట."

"పెడ్తవ్ నువ్వు," అన్నాడు.

గిన్నెలో గుడాలన్నీ ఒక్కొక్కటిగా ఏరుకుని తిన్నాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "సుజాతా! ఆ పెద్ద దవాఖానల డాక్టర్ ఎప్పుడు రమ్మన్నడు?"

లోపల ఏదో గిన్నె కింద పడిన చప్పుడైంది.

*

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ ప్రమాదకరమైనది కాదన్నారు. రోజులు గడిచేకొద్దీ కాలికి స్పర్శ తిరిగి వచ్చింది గానీ, పాదం మాత్రం కొంచెం ఈడ్చినట్టే ఉండిపోయింది. మనిషి సగానికి తగ్గాడు. ఆపరేషన్ కోసం తీసిన జుట్టు పొట్టిగా మొలిచింది. మొదటిసారి కట్టు విప్పి మంచం మీద కూర్చోబెట్టినప్పుడు నేను వెనక నిలబడి ఉన్నాను. మెడ వెనక నిలువు గీత. కాలర్ పైకి కనబడేంత.

కొన్నాళ్ళు కర్ర పట్టుకుని నడవమన్నారు డాక్టర్లు. దవాఖానలో ఇచ్చిన అల్యూమినియం కర్రను చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. తెల్లగా, తేలిగ్గా, మందుల షాపులో దొరికే మామూలు కర్ర. నల్లదీ కాదు, ఇత్తడి పిడీ లేదు. ఆ ఆనందం ఒక వారం నిలిచింది. తర్వాత సుజాత మేనమామ పరామర్శకు వచ్చాడు. తన బావగారు, అంటే సుజాత తండ్రి, వాడిన కర్ర ఇంట్లో ఊరికే పడి ఉందని, యాదగిరి కోసం తెచ్చానని గుమ్మానికి ఆనించాడు. నల్ల కర్ర. పైన ఇత్తడి పిడి. సుజాత చింతపండుతో తోమితే తళతళా మెరిసింది.

నేను ఆ కర్ర వైపు చూడకుండా మంచినీళ్ళు అడిగి తాగాను. యాదగిరి దాన్ని పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ నడిచాడు. చేతికి బాగా కుదిరిందన్నాడు.

నాలో మార్పు వచ్చిందని ఆ రోజుల్లో శారద కనిపెట్టింది. పొద్దున్నే లేచి చెరువు కట్ట మీద నడుస్తున్నాను. నూనె తగ్గించమంటున్నాను. రక్తపరీక్షలు నా అంతట నేనే చేయించుకున్నాను. "ఏమండీ, ఆపరేషన్ మీకయిందా, ఆయనకయిందా?" అంది. స్నేహితుడి జబ్బు చూసి బుద్ధి వచ్చిందన్నాను. ఆ ఒక్క మాటను ఆవిడ భాగించకుండా నమ్మింది.

బయటికి వెళ్ళవచ్చని డాక్టర్ చెప్పగానే యాదగిరి బ్రూవరీ మాట ఎత్తాడు. బీరు ఒక్క గుక్క కంటే దాటకూడదని సుజాత ఒట్టు వేయించుకుంది. ముందురోజు రమేష్‌కు గుడాలు నానబెట్టమని ఫోన్ చేశాడు, ఎప్పటిలాగే. ఆ ఫోన్ సంగతి నాకు తట్టనే లేదు.

మర్నాడు క్యాబ్ తీసుకుని మదీనాగూడ వెళ్ళాను. యాదగిరి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ర లేదు.

వెనక నుంచి సుజాత తిడుతోంది. "అన్నా, జర చెప్పుండ్రి. నిన్న మాపటి నుంచి గిదే మొండితనం. కట్టెను అటక మీద ఏసిండు. దవాఖానోళ్ళిచ్చినది కూడ ముట్టడట. పడితే ఎవలు దిక్కు?"

"పడ," అన్నాడు యాదగిరి. అని నా ఎడమ భుజం మీద చెయ్యి వేశాడు. సగానికి తగ్గిన మనిషిది ఇంత బరువు చెయ్యా అనిపించింది.

అలాగే క్యాబ్ ఎక్కాం, అలాగే దిగాం, అలాగే లోపలికి నడిచాం. రమేష్ ఎదురొచ్చాడు. వాడి చూపు కర్ర లేని యాదగిరి చెయ్యికీ నా భుజానికీ మధ్య అటూ ఇటూ తిరిగింది. నేను వాడినే చూస్తున్నాను, ఎక్కడ నోరు జారతాడోనని. రెండు గ్లాసులు పెట్టి, గుడాలు పెట్టి, కళ్ళు దించుకుని వెళ్ళిపోయాడు.

యాదగిరి తన గ్లాసు తీసుకుని కుండీలో నాలుగు చుక్కలు పోశాడు. నా గ్లాసు నా వైపు తోశాడు.

"నీది నువ్వు పోస్కో."

పోశాను. అన్నేళ్ళలో నేను సాక పోయడం అదే మొదటిసారి. ఆ మొక్క ఆకు నా చెంపకు తగిలింది.

వాడు ఒక్క గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకున్నాడు. "నిన్న రమేష్‌తోని మాట్లాడిన. మంచిగ ముచ్చట వెట్టిండు. ఒక్కన్నే వచ్చిన్నట కద."

ఇంకేమైనా కలుపుదామని గ్లాసులోకి చూశాను. కలపడానికి నాకు ఏమీ దొరకకపోవడం ఆ బ్రూవరీ చరిత్రలోనే లేదు.

"నువ్వు నాకంటె ఎక్కువ తాగినవంటివి," అన్నాడు. "నీ గ్లాసు నిండ అట్లనే ఉండెనట."

"యాదగిరీ..."

"తిను. సల్లారుతున్నయ్."

తిన్నాం. చాలాసేపటికి, గుడాలు అయిపోయాక, అడగకుండా ఉండలేక అడిగాను. "మరి కర్ర ఎందుకు అటకెక్కించావు? నడవడానికి కష్టం కాదూ?"

"కట్టె పట్టుకుంటెనే కద, వాడు నేనైతడు," అన్నాడు.

*

ఇది జరిగి ఏడాది కావస్తోంది. అప్పటి నుంచి బెంగుళూరు వెళ్ళి వచ్చాం, విశాఖ వెళ్ళి వచ్చాం. నాగరాజు మా ఇద్దరినీ చూసి, యాదగిరి ఇప్పుడు కొంచెం ఒళ్ళు చేశాడన్నాడు. ఆ ముందు వచ్చినప్పుడు చేతిలో కర్ర ఉందని మళ్ళీ అన్నాడు. మేం కాదనలేదు.

యాదగిరిలాంటి మనిషి ఇంకొకడు ఉండవచ్చు. అతనికీ మెడ మీద కుట్లు ఉండవచ్చు. అతనూ రెండు ఊళ్ళలో మా టేబుళ్ళనే వెతుక్కుని కూర్చుని, మా ఇద్దరికే తెలిసిన కట్టుబాటును పాటించి ఉండవచ్చు. ఒకరినొకరు ఎన్నడూ చూడని నాగరాజూ రమేషూ ఒకే రకంగా పొరబడి ఉండవచ్చు. ఇన్ని ఉండవచ్చులు నేను నా పాఠాల్లో కూడా ఎప్పుడూ వాడలేదు. ఇంతకు మించి నా దగ్గర వివరణ లేదు.

నల్ల కర్ర ఇంకా అటక మీదే ఉంది. ఎవరికైనా ఇచ్చేద్దామని సుజాత అంటే యాదగిరి వద్దన్నాడట. ఎవరికిచ్చినా వాళ్ళకూ ఒక దోస్తు ఉంటాడు కదా అన్నాడట. ఆవిడకు ఆ మాట అర్థం కాలేదు.

వాడు ఇప్పటికీ కర్ర లేకుండా, నా భుజం పట్టుకునే నడుస్తాడు. మెట్రో మెట్లు, హోటల్ గుమ్మాలు, రైలు పెట్టెలు అన్నీ అలాగే ఎక్కుతాడు. దాని వల్ల నా ఎడమ భుజం కుడి భుజం కంటే ఒక అంగుళం కిందికి దిగింది. శారద నమ్మదు. మీరు కూడా నాలుగుతో భాగించుకోండి. పావు అంగుళమైనా మిగులుతుంది.